ఎక్స్‌పైర్ అనే ఒక్క మాట, మూడు అర్థాలు: తెలుగులో ఎక్కడ ఏమనాలి

మీరు అడిగింది ఇది. చిత్తూరులో నర్సింగ్ చదువుతున్న మీకు పాఠంలో ఎక్స్‌పిరేషన్ అంటే ఊపిరి బయటికి వదలడమని చెప్పారు, మందుల గదిలో ఎక్స్‌పైరీ అంటే గడువు తీరడమని చెప్పారు, వార్డులో కేసు షీటు చివర ఎక్స్‌పైర్డ్ అని ఉంటే రోగి చనిపోయినట్టు అర్థం చేసుకోమన్నారు. ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా కుదిరాయి, తెలుగులో రాసేటప్పుడూ చెప్పేటప్పుడూ ఎక్కడ ఏ మాట వాడాలి, ఉచ్ఛ్వాసం, నిశ్వాసం అనే రెండింటిలో బయటికి వచ్చేది ఏది అన్నవి మీ ప్రశ్నలు. తిరుపతిలో చాలాకాలం తెలుగు పాఠం చెప్పి, ఆ తర్వాత రోగులకు ఇచ్చే సూచన పత్రాలనూ అంగీకార పత్రాలనూ తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నాను కనుక ఈ మాట నాకు తరచుగా ఎదురవుతూనే ఉంటుంది. అందువల్ల కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లీషులో మాట ఒకటే ఉంది కనుక తెలుగులోనూ ఒకటే ఉండాలని వెతకడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. తెలుగు ఈ మూడింటినీ మొదటి నుంచీ వేర్వేరుగానే చెబుతూ వచ్చింది. కాబట్టి మాట కోసం వెతికే ముందు, ముగిసింది ఏది అని అడగండి. ముగిసింది ఒక విడత ఊపిరా, ఒక మందుకో పత్రానికో ఇచ్చిన వ్యవధా, ఒక మనిషి బతుకా అన్నది తేలితే తగిన మాట దానంతటదే నోటికి వస్తుంది.

ముందు ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. దాని మూలం లాటిన్‌లో ఉంది. ఎక్స్ అంటే బయటికి, స్పిరారే అంటే ఊపిరి తీయడం. ఆ రెండూ కలిసి ఎక్స్‌స్పిరారే అయింది. లాటిన్ రచయితలే 'ప్రాణాన్ని బయటికి ఊదడం' అనే అర్థంలో దీన్ని మరణానికి వాడారు. రానురాను ప్రాణం అనే మాట కూడా అక్కరలేకుండా, ఉత్త ఎక్స్‌స్పిరారే అంటేనే చనిపోవడమనే అర్థం స్థిరపడింది. మనిషి బతుకు ఎప్పుడూ ఊపిరి విడవడంతోనే ముగుస్తుంది, ఆ తర్వాత పీల్చడం ఉండదు అన్నది మంచం పక్కన కూర్చున్న ప్రతివారికీ కనిపించే విషయమే కనుక ఆ అర్థం అక్కడికి చేరడం సహజం. మనిషికి చెప్పిన మాటను ఆ తర్వాత ఒప్పందాలకూ, కౌలుకూ, పదవీకాలానికీ పొడిగించారు. ఊపిరి నుంచి మరణానికీ, మరణం నుంచి గడువుకూ అర్థం ఆ వరసలో నడిచింది.

ఇన్‌స్పిరేషన్, రెస్పిరేషన్, పర్‌స్పిరేషన్ అన్నీ ఆ స్పిరారే పిల్లలే. మీ పాఠ్యపుస్తకంలో ఇన్‌స్పిరేషన్ కనిపిస్తే దానికి స్ఫూర్తి అని అర్థం రాయకండి; అక్కడ అది గాలి లోపలికి తీసుకోవడం మాత్రమే. ఇంకొక చిన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. మన దేశంలో ఊపిరికి ఎక్స్‌పిరేషన్ అనీ, తేదీకి ఎక్స్‌పైరీ అనీ విడదీసి వాడతాం. అమెరికావాళ్లు తేదీకి కూడా ఎక్స్‌పిరేషన్ అనే అంటారు. అక్కడి నుంచి వచ్చిన పెట్టె మీద ఆ మాట చూసి తికమక పడనక్కరలేదు.

ఇక ఊపిరి దగ్గరికి వస్తాను. ఊపిరి పీల్చడం పని, వదలడం విశ్రాంతి. పీల్చేటప్పుడు ఉదరవితానం, అంటే ఛాతీనీ పొట్టనీ వేరు చేసే కండరపు పొర (డయాఫ్రం), కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి, బయటికి జరుగుతాయి, దానికి కండరాలు బలం పెట్టాలి. వదిలేటప్పుడు ఆ కండరాలు వదులైతే చాలు. సాగిన ఊపిరితిత్తులు తమ సాగే గుణం వల్ల తామే ముడుచుకొని గాలిని బయటికి పంపుతాయి. కూర్చొని ప్రశాంతంగా ఉన్న పెద్దమనిషి ఒక్కో విడతకు వదిలేది సుమారు 500 మిల్లీలీటర్లు. వదిలిన గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి సుమారు 16 శాతానికి తగ్గి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం నుంచి సుమారు 4 శాతానికి పెరిగి ఉంటుంది. శక్తి కొద్దీ ఊదేసినా ఊపిరితిత్తుల్లో దాదాపు 1,200 మిల్లీలీటర్ల గాలి మిగిలే ఉంటుంది. దాన్ని ఎవరూ ఊదలేరు.

ఈ విశ్రాంతి చెడినప్పుడే రోగం బయటపడుతుంది. ఆస్తమా ఉన్నవారికి పీల్చడం కంటే వదలడమే కష్టం. సన్నబడిన గాలిగొట్టాల గుండా గాలి బయటికి వచ్చేటప్పుడు ఈలలా వినిపించే చప్పుడును మనవాళ్లు పిల్లికూతలు అంటారు. ఆ మాట ఏ నిఘంటువూ చూడకుండా తల్లులే వాడతారు, డాక్టర్లకూ వెంటనే అర్థమవుతుంది. ఊపిరి వదలడం ఎంత కష్టంగా ఉందో కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో, నిండా పీల్చిన గాలిని ఒక్క ఊపున వదలమని చెప్పి, మొదటి సెకనులో ఎంత వచ్చిందో, మొత్తం మీద ఎంత వచ్చిందో చూస్తారు. మొదటిది రెండోదానిలో 70 శాతం కంటే తగ్గితే గాలిగొట్టాల్లో అడ్డు ఉందని అనుమానిస్తారు.

ఆ పరీక్షకు ఒక సూచన పత్రాన్ని తెలుగులో రాసినప్పుడు నా ముందు ఉన్న మాటలు నిశ్వాసించండి, శ్వాసను విసర్జించండి, గాలి వదలండి, ఊదండి అన్నవి. మొదటి రెండూ అర్థరీత్యా తప్పు కావు. అయితే గొట్టం నోట్లో పెట్టుకొని కూర్చున్న రైతుకు వాటిని విని అర్థం చేసుకొనే వ్యవధి ఉండదు. 'గాలి వదలండి' అంటే మెల్లగా వదులుతారు, పరీక్ష పాడవుతుంది. 'ఒక్కసారిగా గట్టిగా ఊదండి, ఊదుతూనే ఉండండి, ఇంకా, ఇంకా' అన్నప్పుడే కనీసం ఆరు సెకన్ల ఊపిరి సరిగ్గా వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే దగ్గర మాత్రం దీనికి పూర్తిగా వేరే మాట కావాలి: 'నిండుగా గాలి పీల్చి బిగబట్టండి'. బిగబట్టడం అన్న మాట పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇలా ఊపిరికి సంబంధించిన ఇంగ్లీషు మాట ఒకటే అయినా తెలుగులో ఊదడం, వదలడం, విడవడం, నిట్టూర్చడం, రొప్పడం దేని చోట అది ఉంది. నర్సుగా మీరు ఈ తేడాలను పోగొట్టుకోకూడదని నా కోరిక.

పరీక్ష రాసేటప్పుడు అయితే పారిభాషిక పదమే రాయాలి. మన తెలుగు మాధ్యమం జీవశాస్త్ర పుస్తకాల్లో ఉచ్ఛ్వాసం అంటే గాలి లోపలికి తీసుకోవడం, నిశ్వాసం అంటే బయటికి వదలడం. మీరు దీన్నే పాటించండి. అయితే మీకు వచ్చిన సందేహం ఊరికే వచ్చింది కాదు. సంస్కృతంలో ఉచ్ఛ్వాసం అనే మాటకు ఊపిరి వదలడం, దీర్ఘంగా పీల్చడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. 'ఉత్' అంటే పైకి కనుక, పైకి లేచే ఊపిరి లోపలికి పోయేదా బయటికి వచ్చేదా అన్నది సందర్భాన్ని బట్టి మారింది. నిశ్వాసం విషయంలో అసలు రూపం తెలిస్తే తికమక పోతుంది. దాని పూర్తి రూపం నిఃశ్వాసం. ముందున్నది నిర్గమనం, నిర్యాణం అనే మాటల్లో ఉన్న ఉపసర్గే; దాని అర్థం బయటికి. నిర్గమించే శ్వాస నిఃశ్వాసం అని గుర్తుపెట్టుకుంటే ఇక ఎప్పుడూ మరచిపోరు. రాతలో ఉచ్ఛ్వాసం అని చ కింద ఛ వత్తు, దాని కింద వ వత్తు ఉండాలి. ఉత్, శ్వాస కలిసినప్పుడు సంధిలో వచ్చిన రూపం అది. ఉచ్వాసం అని రాస్తే తప్పు.

యోగం నేర్పేవారి దగ్గర మీకు వేరే మాటలు వినిపిస్తాయి. పతంజలి సూత్రాల్లో శ్వాస, ప్రశ్వాస అని జంటగా వస్తుంది. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం ప్రకారం శ్వాస లోపలికి తీసుకొనేది, ప్రశ్వాస బయటికి విడిచేది. ప్రాణాయామం చేసేవారు పూరకం, కుంభకం, రేచకం అంటారు. పూరకం నింపడం, కుంభకం నిలపడం, రేచకం ఖాళీ చేయడం. మందుల పేర్లలో మీరు చూసే విరేచనం కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. రోగికి శ్వాస వ్యాయామం నేర్పేటప్పుడు ఆయనకు యోగం అలవాటుంటే రేచకం అనడం మంచిదే. లేకపోతే గాలి వదలండి అనడమే మేలు.

ఊపిరి విడవడమూ ముగియడమూ ఒకచోట కలిసే మాట మన వైపున లేదా అని మీరు అడగలేదు కానీ, ఆ ప్రశ్నకు జవాబు మన అక్షరమాలలోనే ఉంది కనుక చెప్పకుండా ఉండలేను. అది విసర్గ. రెండు చుక్కలతో రాసే ఆ గుర్తుకు పేరే విడిచిపెట్టడం అని. ప్రాచీన వ్యాకర్తలు దాన్ని విసర్జనీయం అన్నారు. పాణిని 'ఖరవసానయోర్విసర్జనీయః' అనే సూత్రంలో, పదం చివర ఉన్న రేఫ, అంటే ర్ అనే హల్లు, తర్వాత కొన్ని పరుషాక్షరాలు వచ్చినప్పుడూ, తర్వాత ఏమీ రాకుండా మాట ఆగిపోయినప్పుడూ విసర్గగా మారుతుందని చెప్పాడు. ఆ ఆగిపోవడానికి ఆయన వాడిన మాట అవసానం. మనం ఈనాటికీ అవసాన దశ అంటున్నది ఆ మాటనే. అంటే ఉచ్చారణ ముగిసేచోట నాలుక ఏ పనీ చేయకుండా మిగిలిన గాలిని కంఠం నుంచి వదిలేయడమే విసర్గ.

దీన్ని చెవితో వినాలంటే తిరుపతిలో ఉన్నవారికి కష్టం లేదు. 1961లో మొదలై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది, తిరుమల ధర్మగిరిలో వేదపాఠశాల ఉంది. వల్లె వేసే పిల్లలు రామః అనే మాటను వాక్యం చివర పలికినప్పుడు జాగ్రత్తగా వినండి. ముందున్న అచ్చు పోలికే చిన్నగా వినిపిస్తూ గాలి బయటికి వస్తుంది. హరిః అన్నప్పుడు ఇకారం, గురుః అన్నప్పుడు ఉకారం ఆ గాలికి రంగు వేస్తాయి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకొని పలికి చూస్తే ఆ గాలి చేతికి తగులుతుంది. తెలుగులో విసర్గ తక్కువ. దుఃఖం, అంతఃకరణం, ప్రాతఃకాలం వంటి తత్సమాల్లోనే మిగిలింది. మనకు పదం చివర అచ్చుతోనే ముగించే అలవాటు ఉండడం వల్ల రాముడు, హరి, గురువు అయ్యాయి.

కావ్యాల్లోనూ ఊపిరి పేరే విభాగానికి వచ్చింది. సంస్కృతంలో బాణుడి హర్షచరితం ఎనిమిది ఉచ్ఛ్వాసాలుగా ఉంది. తెలుగు కవులు ఎక్కువగా ఆశ్వాసం అన్నారు. మనకు దగ్గరలో ఉన్న శ్రీకాళహస్తి మీద ధూర్జటి రాసిన మాహాత్మ్య కావ్యం నాలుగు ఆశ్వాసాలది. ఆశ్వాసం అంటే ఊపిరి తీసుకోవడం, తేరుకోవడం, ఊరట పొందడం. పురాణం చెప్పేవాడు ఒక ఘట్టం ముగించి, ఆశ్వాసాంత పద్యం చదివి, గద్యంతో ఆపి, ఊపిరి తీసుకొని మళ్లీ మొదలుపెడతాడు. లాటిన్ మాటలో ఊపిరి బయటికి పోయి తిరిగి రాలేదు, ఈ మాటలో ముగింపు తర్వాత మళ్లీ ఊపిరి ఉంది. ఈ తేడా నాకు చాలా ఇష్టం.

అచ్చ తెలుగులో ఊపిరి, ఊర్పు, ఉసురు అనే మూడు మాటలు ఉన్నాయి. నిడు, ఊర్పు కలిసి నిట్టూర్పు అయిందని బడిలో చదువుకొని ఉంటారు. నిడు అంటే పొడవైన. ఆ సంధికే ఇచ్చే ఇంకో ఉదాహరణ కుట్టుసురు. కుఱు అంటే పొట్టి, ఉసురు అంటే ప్రాణం, కనుక అది కొద్దిపాటి ఆయువు. ఉసురు అనే మాట మన జిల్లాలో పుట్టినవారికి చాలా విషయాలు చెబుతుంది. నగరి వైపు తమిళం మాట్లాడే ఇంట్లో ఉయిర్ అంటే ప్రాణం, పలమనేరు దాటి కన్నడం వినిపించే ఊళ్లలో ఉసిరు అంటే ఊపిరి, మన ఉసురు ఆ రెండింటి మధ్యా ఉంది. 'ఉసూరుమన్నాడు' అన్నప్పుడు అది ఊపిరి, 'ఉసురు తీశాడు' అన్నప్పుడు ప్రాణం, 'వాళ్ల ఉసురు తగులుతుంది' అన్నప్పుడు బాధపడ్డవారి నిట్టూర్పే శాపం. మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన బంధువులు. ఊపిరికీ ప్రాణానికీ తేడా పాటించకపోవడం లాటిన్‌వాళ్ల సొత్తు కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. అయితే తెలుగులో ఆ బంధం గడువు వరకూ పోలేదు, మనిషి దగ్గరే ఆగింది.

అందుకే మరణం విషయంలో నేను చాలా గట్టిగా చెబుతాను. రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు 'ఎక్స్‌పైర్ అయ్యారు' అనవద్దు. ఒక ఆసుపత్రి వరండాలో నేను కళ్లారా చూసినది చెబుతాను. పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె దగ్గరికి కుర్ర డాక్టరు వచ్చి, 'అవ్వా, పేషెంటు ఎక్స్‌పైర్ అయినాడు' అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పుతూ, 'మందు ఎక్స్‌పైరీ అయిపోయిందా సార్? బయట అంగట్లో కొత్తది తీసుకొస్తా, చీటీ రాసియ్యండి' అంది. ఆమెకు ఆ మాట మందు రేకు మీద తప్ప ఇంకెక్కడా పరిచయం లేదు. ఆ కుర్రవాడిది చెడ్డ మనసు కాదు. చెప్పడం కష్టమైన సంగతిని ఇంగ్లీషు మాట చాటున చెప్పాలనుకున్నాడు. కానీ ఆ చాటు వల్ల ఆమె తన కొడుకు పోయిన సంగతిని రెండోసారి, పక్కనున్న వేరేవారి నోటి నుంచి వినాల్సి వచ్చింది.

ఇలాంటి వార్త చెప్పేటప్పుడు సందిగ్ధం లేని మాట వాడాలని వైద్యవిద్యలోనూ నేర్పుతారు. తెలుగులో ఆ మాట 'చనిపోయారు'. 'పోయారు' అంటే వెళ్లారు అనే అర్థం కూడా వస్తుంది, 'మన చేతుల్లో లేదు' అంటే ఇంకా ఆశ ఉందనుకుంటారు. 'అమ్మా, మేము చేయగలిగిందంతా చేశాం. మీ అబ్బాయి చనిపోయాడు' అని నెమ్మదిగా చెప్పి, కాసేపు మౌనంగా పక్కన నిలబడడం మంచిది. కన్నుమూశారు, కాలం చేశారు, స్వర్గస్థులయ్యారు, దివంగతులయ్యారు అన్నవి వార్త తెలిసిన తర్వాత గౌరవంగా ప్రస్తావించడానికి పనికివచ్చే మాటలు. వైష్ణవ కుటుంబాల్లో పరమపదించారు అంటారు, వీరశైవుల్లో శివైక్యం చెందారు అంటారు. ఆ ఇంటివారు ఏ మాట వాడితే మీరూ దాన్నే అందుకోవడం మర్యాద.

పత్రికల్లో కనిపించే 'తుదిశ్వాస విడిచారు' అనేదే ఎక్స్‌పైర్‌కు అర్థంలోనూ నిర్మాణంలోనూ అన్నిటికంటే దగ్గరిది. అయితే ఇందులో తుది అనే మాట పోతే అర్థం పూర్తిగా మారుతుంది, ఉత్త శ్వాస విడవడం నిమిషానికి 12 నుంచి 20 సార్లు అందరూ చేసే పని. 'ఊపిరి వదిలాడు' అనేది రెండు అర్థాలూ ఇస్తుంది కనుక రోగి గురించి రాసేటప్పుడు దాన్ని ఒంటరిగా వాడకండి. 'ఊపిరి పీల్చుకున్నారు' అంటే గండం గడిచి ఊరట పొందారని. 'కొనఊపిరితో ఉన్నారు' అంటే ఇంకా బతికే ఉన్నారని. దాన్ని చనిపోయారనే అర్థంలో వాడినవారిని చూశాను, అది పొరపాటు.

మూడోది గడువు. ఇక్కడ మన భాష చాలా సంపన్నంగా ఉంది, వస్తువును బట్టి క్రియ మారుతుంది. మందుకూ లైసెన్సుకూ గడువు తీరుతుంది లేదా ముగుస్తుంది. మామిడితోట గుత్తకు ఇస్తే గుత్త గడువు అయిపోతుంది. ఏడాదిలో ఖర్చుపెట్టని నిధులు మురిగిపోతాయి. మీరు వాడుకోని సెలవులు కూడా అంతే. ప్రాంసరీ నోటుకు కాలదోషం పడుతుంది. ఆ నోటుకు 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్ల గడువు. ఆ లోపు కొంత డబ్బు కట్టి నోటు వెనక చెల్లు రాయించి సంతకం చేస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. బ్యాంకు చెక్కు అయితే 2012 ఏప్రిల్ 1 నుంచి మూడు నెలలకే చెల్లకుండా పోతుంది. వీటిలో ఏదీ ఇంకొకదాని చోట పొసగదు. చెక్కుకు కాలదోషం పట్టిందంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, మందు మురిగిపోయిందంటే కుళ్లిపోయిందని అర్థమవుతుంది.

కాలం అనే మాట దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. వస్తువుకు కాలం చెల్లుతుంది, మనిషి కాలం చేస్తారు. కాలం చెల్లిన మందులు అనవచ్చు, మనిషిని కాలం చెల్లినవాడు అంటే తిట్టు అవుతుంది. ఇంగ్లీషు మాట మందు రేకునూ మనిషినీ ఒకే గాటన కడుతుంది, తెలుగు ఒక్క క్రియతో ఆ రెండింటినీ వేరు చేస్తుంది.

మీ పనికి నేరుగా ఉపయోగపడే ఒక సంగతి. మన దేశంలో 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం ఎక్స్‌పైరీ కింద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే, ఆ నెల చివరి రోజు వరకూ మందు వాడవచ్చు. మార్చి 2027 అని ఉంటే మార్చి 31 వరకూ అన్నమాట. మార్చి 1నే పారవేయనక్కరలేదు. అందుకే రోగికి తెలుగులో రాసిచ్చేటప్పుడు 'గడువు తేదీ' అని ఊరుకోకుండా 'ఈ తేదీ వరకే వాడాలి' అని పూర్తి తేదీ రాయడం నాకు మంచిదనిపిస్తుంది. మూత తెరిచిన తర్వాత లెక్క వేరు. చాలా కంటి చుక్కల మందుల మీద, తెరిచిన నెల లోపు వాడాలని ఉంటుంది. నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్‌ను 24 గంటలు దాటితే పారబోయాలి. ఈ రెంటికీ పెట్టె మీది తేదీ వర్తించదు కనుక 'తెరిచిన రోజు నుంచి', 'కలిపిన గంట నుంచి' అని విడిగా చెప్పండి. తినే వస్తువుల మీద కనిపించే బెస్ట్ బిఫోర్ కూడా గడువు తీరడం కాదు. ఆ తేదీ దాటితే రుచీ నాణ్యతా తగ్గవచ్చని దాని భావం. 'ఈ తేదీ లోపు వాడితే బాగుంటుంది' అనడం సరిపోతుంది. ఎక్స్‌పైరీ అని ఉంటే మాత్రం ఆ తర్వాత వాడకూడదు.

చివరిగా కేసు షీటు గురించి. ఇంగ్లీషులో ఎక్స్‌పైర్డ్ అని రాయడం ఆసుపత్రుల అలవాటు. దాన్ని మీరు ఒక్కరే మార్చలేరు. కానీ బంధువులకు ఇచ్చే తెలుగు కాగితంలో, మరణ నమోదుకు పంపే వివరాల్లో మరణించారు అనే రాయాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఆ ధ్రువీకరణ పత్రంలో ఉండే మాట కూడా మరణమే. ఊపిరి ఆగడాన్నీ మరణాన్నీ ఒకటిగా రాయకండి. ఎక్స్‌పైర్ అనే మాట పుట్టిన కాలంలో ఆ రెండూ ఒకటే. ఇప్పుడు ఊపిరి ఆగిన మనిషిని గుండె నొక్కి, గాలి పంపి తిరిగి బతికించడం మీకు మొదటి ఏడాదే నేర్పుతారు. మెదడు కాండం పూర్తిగా చనిపోయినవారికి వెంటిలేటరు ఊపిరి పోస్తూనే ఉంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి, అలాంటి స్థితిని మరణంగా ధ్రువీకరిస్తుంది. అక్కడ ఛాతీ లేచి పడుతూనే ఉన్నా మనిషి లేనట్టే.

అందువల్ల మీ నోట్‌బుక్‌లో రెండు వేర్వేరు పంక్తులు ఉండాలి. శ్వాస ఆగినట్టు మీరు గమనించిన సమయం, అప్పుడు మీరు చేసిన చికిత్స ఒక పంక్తిలో. వైద్యుడు మరణాన్ని ధ్రువీకరించిన సమయం, ఆయన పేరు, సంతకం ఇంకో పంక్తిలో. మొదటి పంక్తిని మీరు రాయవచ్చు, రాయాలి కూడా. రెండోది వైద్యుడు చూసి చెప్పే వరకూ ఖాళీగానే ఉంచండి.